మా తోడికోడలి జిగురు ప్రోటీన్

ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన కొత్తలో నేను భయపడింది అత్తగారికి కాదు, తోడికోడలికి. "మా వదిన బంగారం. కాకపోతే భోజనాల దగ్గర మాత్రం ఆవిడ ఉద్యోగం సంగతి ఎత్తకు" అని మా ఆయన ముందే చెప్పి ఉంచారు. వద్దన్న పని చేయకపోతే నాకు తోచదు. మొదటి వారంలోనే ఎత్తాను.

"అక్కా, ఆస్పత్రి ల్యాబులో నువ్వు చేసే పనేమిటి?"

అడిగిందే చాలన్నట్టు ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "రోగుల దగ్గర్నుంచి కఫం, చీము, నెత్తురు వస్తాయి. వాటిని ప్లేట్లలో పెంచి, ఏ బాక్టీరియా ఉందో చెప్తాను. కొన్నిటినైతే వాసన బట్టే పట్టేయొచ్చు. ఒకదానికి అచ్చం ద్రాక్షపళ్ళ వాసన!"

బల్ల మీదున్న ద్రాక్షగుత్తిని అత్తగారు మెల్లిగా అవతలికి జరిపారు. "విన్నావా చిన్నమ్మాయ్? పోయినేడు ఇలాగే నా చేత పెరుగు మాన్పించింది. ఇక నీళ్ళొకటి మిగిలాయి."

"నీళ్ళలో ఇంకా ఎక్కువుంటాయి అత్తయ్యా," అంది ఆవిడ, చాలా మర్యాదగా.

ఆ రోజు నుంచి నాకు భయం పోయింది.

మనిషి పొట్టి. నడక మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. జడని ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది, తర్వాత ఇల్లంతా పెన్సిలు వెతుక్కుంటుంది. మా బావగారు స్కూల్లో లెక్కల మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ సరిపడా మాటలు ఆవిడే మాట్లాడుతుంది. పనిచేసేది ఊళ్ళోని పెద్దాస్పత్రి వెనక భవనంలో. ఒకవైపు దుప్పట్లు ఉతికే గది, ఇంకోవైపు జనరేటరు. గోడలకి ఎప్పుడూ ఆవిరి చెమ్మ. పొద్దుటంతా ఆస్పత్రి పరీక్షలు చేస్తుంది. అవి అయ్యాక, ల్యాబు మూలనున్న ఒక బల్ల దగ్గర తన సొంత పరిశోధన. ల్యాబు పెద్దాయన ఆ మూల ఆవిడకి వదిలేశాడు. "ఆ బల్ల ఇవ్వకపోతే నా కుర్చీ లాక్కునేట్టుంది" అనేవాడట.

ఆ పరిశోధనంతా ఒకే ఒక్క ప్రోటీన్ మీద. రోగాలు తెచ్చే కొన్ని బాక్టీరియాలకి ఒంటి మీద నూగులాంటి వెంట్రుకలుంటాయి. ఆ వెంట్రుక కొసన ఈ ప్రోటీన్ ఉంటుంది. దాంతోనే అవి మన గొంతునో ఊపిరితిత్తుల్నో పట్టుకుని వేలాడతాయి. పట్టు దొరక్కపోతే దగ్గుతోనో ఉమ్ముతోనో కొట్టుకుపోతాయి. ఇంట్లో మేం దాన్ని జిగురు ప్రోటీన్ అనేవాళ్ళం. ల్యాబులో వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఆవిడకే 'జిగురు డాక్టరు' అని పేరు పెట్టారు. ఆవిడకి కోపం రాలేదు సరికదా, "పట్టుకుంటే వదలనని మెచ్చుకుంటున్నారు" అని చెప్పుకు తిరిగింది.

ఈ ప్రోటీన్ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ పెద్దగా కష్టపడలేదు. నేను వీధి చివర ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చుతప్పులతోనే నా బతుకు.

"ప్రోటీన్ అంటే ఒక పొడుగాటి మాట అనుకో," అంది ఉల్లిపాయలు తరుగుతూ. "బాక్టీరియా పిల్లల్ని పెట్టేటప్పుడల్లా ఆ మాటని చూసి రాసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి తప్పు రాస్తుంది. చాలా తప్పుల వల్ల ఏమీ కాదు. కొన్నిటివల్ల మాట చెడిపోతుంది. ఎక్కడో ఒకటి మాత్రం కొత్త మాట అయి కూర్చుంటుంది. పలక ఉందనుకో. మొదటి అక్షరానికి గుడి పెట్టు."

"పిలక."

"చూశావా? రాసుకునేది పోయి, పట్టుకు లాగేది వచ్చింది. ప్రోటీన్లు మారేదీ అలాగే."

అక్కడితో ఆగి ఉంటే అందరిలా ఒక పరిశోధకురాలు. ఆవిడ ఇంకా వెనక్కి పోయింది. ఇప్పుడున్న రకరకాల బాక్టీరియాల్లో ఈ ప్రోటీన్ ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూసి, వాటన్నిటికీ ముత్తవ్వ అయిన పాత ప్రోటీన్ ఎలా ఉండి ఉండాలో లెక్కగట్టేది. పదిమంది మనవరాళ్ళకీ ఒకటే వంకర ముక్కుంటే, ఆ ముక్కు అమ్మమ్మదే అయ్యుండాలి కదా, అలాగన్నమాట. లెక్కగట్టి ఊరుకోకుండా, ఆ పాత ప్రోటీన్‌ని ల్యాబులో నిజంగా తయారుచేసేది. ఎవరికీ హాని చేయని ల్యాబు బాక్టీరియాకి దాన్ని తొడిగించి, అది దేన్ని పట్టుకుంటుందో, దేన్నించి జారిపోతుందో చూసేది.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఆవిడ గైడుకి ఇది మింగుడుపడలేదు. "చచ్చిపోయిన ప్రోటీన్లకి ప్రాణం పోసి ఎవరిని ఉద్ధరిస్తావమ్మా? మందులు కనిపెట్టే పని చూసుకో" అన్నాడు. ఈవిడ ఒప్పుకోలేదు. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని ఆయన విసుక్కున్నాడు. "నాలుగోది ఎప్పుడు ఊడిందో కనుక్కోవడమే నా పని సార్" అని ఈవిడ. ఆ మాటతో యూనివర్సిటీలో ఉద్యోగం ఆశ పోయింది. ఆస్పత్రి ల్యాబులో చేరింది. దాన్ని ఒక ఓటమిలా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. "యూనివర్సిటీలో బాక్టీరియాని అడిగి తెప్పించుకోవాలి. ఇక్కడ అదే వెతుక్కుంటూ వస్తుంది" అనేది. వచ్చినదాన్నల్లా కొంచెం తీసి గడ్డకట్టించే పెట్టెలో దాచేది. "ఇంట్లో ఫ్రిజ్ జోలికి మాత్రం రాకు" అని అత్తగారు ముందే గీత గీశారు.

ఆస్పత్రిలో గొడవ మొదలైంది చలి మొదలయ్యే రోజుల్లో. ఐసీయూలో ఊపిరి మిషన్ మీదున్నవాళ్ళకి ఒకరి తర్వాత ఒకరికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. అందరికీ ఒకే బాక్టీరియా. అదే, ద్రాక్షపళ్ళ వాసనది. మామూలు మందులకి లొంగలేదు. ఇద్దరు చనిపోయారు. ఒకాయన రిటైరైన రైలు గార్డు. ఇంకొకామె బిడ్డలింకా పాలు మరవని తల్లి. ఆ తల్లి సంగతి ఇంట్లో చెప్పి అక్క కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు మంచి డాక్టరే. కానీ పైవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఆయనకి కాలు ఒకచోట నిలవలేదు. ఐసీయూలో కనిపించిన ప్రతి వస్తువునీ, ప్రతి మనిషి చేతుల్నీ దూదిపుల్లతో తుడిచి పరీక్షించమన్నాడు. అక్క వాళ్ళు అలాగే చేశారు. మంచాలు, సింకులు, మిషన్లు, గొట్టాలు అన్నీ శుభ్రంగానే ఉన్నాయని తేలింది. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది వ్యవహారం. ఒక్క హెడ్ నర్సు కుడిచేతి నుంచి తీసిన ప్లేటులో మాత్రం బాక్టీరియా పెరిగింది. 'రోగుల్లో ఉన్న జాతి బాక్టీరియానే' అని అక్క రిపోర్టు ఇచ్చింది.

ఆ రిపోర్టు అందగానే హెడ్ నర్సుని ఇంటికి పంపేశారు. పేపర్లో కూడా వచ్చింది. పేరు వేయలేదు గానీ, ఐసీయూ హెడ్ నర్సు అని రాశాక ఇక పేరెందుకు? మా వీధిలోనే, నిప్పు లేనిదే పొగ రాదని నాతో ఒకావిడ అంది.

పేపరు చదివి అక్క దాన్ని మడిచి పక్కన పెట్టింది. "జాతి అన్నాను. నేరం అనలేదు," అంది.

"రెండింటికీ తేడా ఉందా?" అని బావగారు అడిగారు.

"మన వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. దొంగ మనిషి అని తేలింది. మీరూ మనిషే. తీసుకెళ్ళి లోపలేస్తే?"

"అది నీ రిపోర్టులో రాశావా?"

బావగారు నోరు విప్పేది తక్కువ, విప్పితే మాత్రం సూది గుచ్చినట్టుంటుంది.

ఆ సాయంత్రం ఆ హెడ్ నర్సే మా ఇంటికి వచ్చింది. నేనే తలుపు తీశాను. నడివయసు మనిషి, ఇస్త్రీ బట్టలు, వేళ్ళ చివరికంటా కత్తిరించుకున్న గోళ్ళు. కడిగి కడిగి చేతుల చర్మం తెల్లగా పగిలి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. అత్తగారు టీ తెస్తే వద్దంది. గడప దగ్గరే నిలబడి, రెండు చేతులూ అక్క ముందు చాపింది.

"మేడమ్, వీటివల్లే పోయారా వాళ్ళు?"

"సిస్టర్, ముందు లోపలికి..."

"అవునైతే అవునని చెప్పండి. తట్టుకుంటాను. ఎన్నో చూశాను. కాదో అవునో తెలియకుండా ఇంట్లో కూర్చోవడమే నా వల్ల కావట్లేదు. మా అమ్మాయి నేను వడ్డిస్తుంటే నా చేతుల వైపు చూస్తోంది."

ఏం కాదమ్మా అనో, మీ తప్పు ఉండదనో అక్క అంటుందనుకున్నాను. నేనైతే అదే అనేదాన్ని.

"నాకు తెలీదు," అంది అక్క. "తెలుసుకునే దారి నాకు తెలుసు. జవాబు మీకు నచ్చేదైనా, నచ్చనిదైనా ముందు మీకే చెప్తాను. సరేనా?"

సిస్టర్ చేతులు దించింది. "సరే," అంది. అప్పుడు లోపలికి వచ్చి, వద్దన్న టీ తాగింది.

మర్నాటి నుంచి అక్క ఇంటికి ఒళ్ళు తెచ్చేది, బుర్ర ల్యాబులోనే వదిలేసి వచ్చేది. రోగులందరి నుంచి తీసిన బాక్టీరియాలనీ, సిస్టర్ చేతి మీదిదాన్నీ వేరే ఊరికి పంపించి, వాటి డీఎన్ఏ మొదటి నుంచి చివరి దాకా చదివించింది. అంత ఖర్చెందుకని అడిగితే, మనిషి పరువు ఖర్చు ఎంతో చెప్పమని ల్యాబు పెద్దాయన్నే తిరిగి అడిగిందట.

ఫలితాలు వచ్చిన రోజు మా ప్రెస్సుకే వచ్చేసింది. నా బల్ల మీదున్న ప్రూఫులు పక్కకి తోసి, ఒక తెల్లకాగితం మీద తన అరచేతిని పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసింది.

"నువ్వు చెప్పు. ఒక పుస్తకాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి రాస్తూ పోతే తప్పులు ఎలా ఉంటాయి?"

"పెరుగుతూ పోతాయి. మొదటిదాంట్లో తప్పు రెండోదాంట్లోనూ ఉంటుంది, దాని మీద కొత్తదొకటి. గొలుసులాగా."

"రోగి నుంచి రోగికి పాకి ఉంటే గొలుసులాగే ఉండాలి. లేదు. ఇదిగో ఇలా ఉంది." గీసిన వేళ్ళ మీద పెన్సిలు ఆనించింది. "ప్రతి రోగిలోనూ వేరే చిన్న తప్పు. ఒకరి తప్పు ఇంకొకరిలో లేదు. కానీ వేళ్ళన్నీ ఒకే అరచేతికి అతుక్కున్నాయి. అంటే అసలు ప్రతి ఒకటే. అది ఎక్కడో కూర్చుని ఉంది. అందరికీ విడివిడిగా అక్కడి నుంచే వచ్చింది."

"మరి సిస్టర్?"

"ఆవిడ ఇక్కడ." ఉంగరం వేలి చివర గోరు మీద చుక్క పెట్టింది. "ఆఖరున పడక ఎక్కిన రోగిలో ఉన్న తప్పు ఆవిడ దగ్గరా ఉంది, దాని మీద ఇంకొకటి అదనంగా ఉంది. ఆయన నుంచి ఆవిడకి వచ్చింది గానీ, ఆవిడ నుంచి ఎవరికీ పోలేదు. ఆయన గొంతు శుభ్రం చేస్తున్నప్పుడు గ్లవ్ చిరిగిందని ఆవిడే చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు."

"హమ్మయ్య! వెళ్ళి చెప్పు మరి."

"సిస్టర్‌కి చెప్పేసే ఇక్కడికొచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. 'అయితే ఆ అరచేయి ఎక్కడుంది మేడమ్?' అని అడిగింది."

అరచేయి ఎక్కడుంది? అదే చిక్కు. ఐసీయూలో అన్నీ తుడిచి చూశారు, అన్నీ శుభ్రం. అది దొరక్కపోతే రేపు ఇంకొకరు పోతారు.

దారి చూపింది ఆ జిగురు ప్రోటీనే. డీఎన్ఏలో దాని వరస చూసినప్పుడు అక్కకి ఒక తేడా కనిపించింది. తను ఏళ్ళ తరబడి పెట్టెలో దాచిన పాత బాక్టీరియాల్లో ఎక్కడా లేని మార్పు, ఒకే ఒక్క చోట. పలకకి గుడి పడింది. నీళ్ళతో చెలిమి చేసే ముక్క పోయి, నీళ్ళంటే గిట్టని జిడ్డు ముక్క వచ్చి చేరింది. చేరింది కూడా సరిగ్గా పట్టుకునే కొసలోనే.

మూల బల్ల దగ్గర ఆవిడ చేసిన పని ఇది. తన దగ్గరున్న ముత్తవ్వ ప్రోటీన్‌నీ, ఇప్పుడు మామూలుగా దొరికేదాన్నీ, ఈ కొత్తదాన్నీ తీసుకుని, మూడింటినీ మూడు ల్యాబు బాక్టీరియాలకి తొడిగించింది. గాజు, ఉక్కు, రబ్బరు, రకరకాల ప్లాస్టిక్ ముక్కల మీద వాటిని పెంచి, ఆస్పత్రిలో వస్తువుల్ని ఎలా కడుగుతారో అలాగే కడిగింది. గాజు మీదా, ఉక్కు మీదా మూడూ కొట్టుకుపోయాయి. రబ్బరు మీదా అంతే. నున్నగా జారిపోయే ఒక రకం ప్లాస్టిక్ మీద మాత్రం ముత్తవ్వ పోయింది, మామూలుది పోయింది, కొత్తది పోలేదు. ఇంకోసారి కడిగినా పోలేదు. ఏదీ అంటుకోకుండా ఉండాలని తయారుచేసిన ప్లాస్టిక్ అది. దాన్నే పట్టుకుంది.

"ఆ రకం ప్లాస్టిక్ ఐసీయూలో ఎక్కడుంటుంది? ఒకరికి వాడి, కడిగి, ఇంకొకరికి వాడేది?" అని సిస్టర్‌కి ఫోన్ చేసి అడిగింది. సిస్టర్ ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు.

"స్కోపు మేడమ్. ఊపిరితిత్తుల్లోకి దించే కెమెరా గొట్టం. లోపల సన్నటి దారి ఉంటుంది, కఫం లాగడానికి. ఆ దారికి లోపలివైపు పూత అదే."

ఊపిరితిత్తుల డాక్టరు కోపిష్టి. స్కోపు మాట ఎత్తగానే లేచాడు. "మా స్కోపు శుభ్రంగా ఉందని రిపోర్టు ఇచ్చింది మీరే కదండీ! మీ సంతకం చూపించమంటారా?"

"అక్కర్లేదు, నా సంతకం నాకు గుర్తే. బయట తుడిచి శుభ్రమన్నాను. లోపల తుడవలేదు. పెట్టె మూత తుడిచి పెట్టె ఖాళీ అన్నట్టయింది. ఇవాళ లోపల చూస్తాను."

"ప్రతిసారీ మందునీళ్ళు పోసి కడుగుతాం."

"కడిగితే పోని రకం ఇది. కావాలంటే మా బల్ల దగ్గరికి రండి, చూపిస్తాను."

ఆయన నిజంగానే వచ్చాడు. ప్లాస్టిక్ ముక్కల మీద కడిగినా మిగిలిపోయిన పచ్చటి జిడ్డు పొరని కళ్ళజోడు పైకెత్తి చూశాడు. అటుపక్క ఏమీ లేని ముక్కల్నీ చూశాడు. వెళ్ళి స్కోపుని తనే పట్టుకొచ్చాడు. దాని దారిలోకి నీళ్ళు పంపారు, పొడుగాటి సన్నటి బ్రష్ తోశారు, మళ్ళీ నీళ్ళు పంపి అంతా ఒక సీసాలో పట్టారు. ప్లేట్లలో పోసిన మర్నాడు ఏమీ కనిపించలేదు. డాక్టరు ఫోన్ చేసి "ఏమైంది?" అంటే, "ఓపిక పట్టండి. పొర కింద దాక్కున్నవి నిద్రలేవడానికి కొంచెం టైము పడుతుంది" అంది. ఆ ఒక్క రోజూ ఆవిడ నడక కొంచెం నెమ్మదించడం నేను చూశాను. ఆ తర్వాతి రోజు ల్యాబు తలుపు తీయగానే ద్రాక్ష వాసన గుప్పుమందట. చదివించి చూస్తే అదే అరచేయి. ఏ వేలి తప్పూ లేని అసలు ప్రతి.

సూపరింటెండెంటు గదిలో మీటింగు పెట్టారు. అక్క పట్టుబట్టి సిస్టర్‌ని కూడా పిలిపించింది. అక్కడ జరిగింది నాకు సిస్టర్ చెప్పింది, అక్క చెప్పలేదు.

అంతా విన్నాక సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడట. "స్కోపుని పక్కన పెట్టేద్దాం. కొత్తది తెప్పిద్దాం. ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం డాక్టర్. బయటికి పొక్కితే జనం ఆస్పత్రి గడప తొక్కరు."

"సార్, ఈ స్కోపు మన ఆస్పత్రి దాటి ఎక్కడికైనా వెళ్ళిందా?" అని అడిగింది అక్క.

ఊపిరితిత్తుల డాక్టరే తలవంచుకుని, "నది అవతల చిన్నాస్పత్రికి వెళ్ళింది. వాళ్ళకి లేదు. నేను వెళ్ళినప్పుడల్లా పట్టుకెళ్తాను," అన్నాడు.

"అయితే అది అక్కడా ఉంటుంది."

"ఉండొచ్చు," అన్నాడు సూపరింటెండెంటు.

"ఉంటుంది సార్. అది గొట్టంతో వెళ్తుంది. మనం నోరు మూసుకుంటే అక్కడ ఇంకో సిస్టర్‌ని ఇంటికి పంపుతారు, మంచాల మీద వాళ్ళు మాత్రం అలాగే పోతారు. ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?"

ఆయన కొంచెంసేపు టేబులు మీది ఫోన్ వైపు చూసి, చివరికి తనే తీశాడు. అవతల ఇద్దరు రోగులకి అదే వాసన బాక్టీరియా ఉందని ఆ సాయంత్రానికే తేలింది. ఏ మందుకి లొంగుతుందో అక్క అప్పటికే పరీక్షించి ఉంచింది కాబట్టి, సరైన మందు మొదటి రోజు నుంచే పడింది. ఇద్దరూ బతికారు. వాళ్ళలో ఒకాయన తర్వాత చాలాకాలం మా ఇంటికి ఫోన్ చేసి, జిగురు డాక్టరుగారు ఉన్నారా అని అడిగేవాడు.

మీటింగు ముగిసేలోపు అక్క లేచి నిలబడి ఇంకో మాట చెప్పిందట. "జాతి ఒకటైనంత మాత్రాన ఆవిడ దగ్గర్నుంచి వచ్చినట్టు కాదని నా రిపోర్టులో రాయాల్సింది. రాయలేదు. ఆ తప్పు నాది. మిగతాది మీరు చూసుకోండి."

సూపరింటెండెంటు సిస్టర్ వైపు తిరిగి, "రేపటి నుంచి డ్యూటీలో చేరండి," అన్నాడు.

"చేరతాను సార్. పేపర్లో ఏ మూల వేశారో ఆ మూలే, కాదని కూడా వేయించండి. అప్పుడు చేరతాను."

వేయించాడు. దానికి కొంచెం ఆలస్యమైంది, ఆ ఆలస్యమంతా సిస్టర్ ఇంట్లో స్థిమితంగా కూర్చుంది. పేపరు వచ్చిన రోజు ఆయనే ఐసీయూలో అందరి ముందూ "పొరపాటు పడ్డాం సిస్టర్, క్షమించండి" అన్నాడు. ఆవిడ తలూపి, "ఆ మూడో మంచం దగ్గర చేతులు కడిగే మందు అయిపోయింది, చూడండి" అని పనిలో పడిందట.

పోయిన ఇద్దరి ఇళ్ళకీ అక్క, ఊపిరితిత్తుల డాక్టరు కలిసి వెళ్ళారు. ఎలా జరిగిందో దాచకుండా చెప్పారు. గార్డుగారి కొడుకు తలుపు మొహాన వేశాడు. బిడ్డల తండ్రి మాత్రం చివరి దాకా విని, "కారణం తెలియకపోతే ఏదేదో ఊహించుకునేవాణ్ణి" అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చిన అక్క చెప్పులైనా విప్పకుండా అరుగు మీదే కూర్చుంది. అత్తగారే పక్కన కూర్చుని తల నిమిరారు. అలా నిమరడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ పరిశోధన అచ్చయ్యాక పాత గైడు ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో గానీ, ఆవిడ మాత్రం "లేదు సార్, నాకిక్కడే బాగుంది. కావాలంటే మీ స్టూడెంట్లనే నా దగ్గరికి పంపండి" అనడం నేను విన్నాను. పంపించాడు. ఇప్పుడు ఆ మూల బల్లకి తోడు ఇంకో గది వచ్చింది. జనరేటరుని అవతలికి జరిపారు. సిస్టర్‌ని ఆస్పత్రి మొత్తానికి ఇన్ఫెక్షన్లు చూసే పెద్దగా వేశారు. గొట్టాలన్నిటినీ లోపలికంటా బ్రష్ పెట్టి పరీక్షించే పద్ధతి వాళ్ళిద్దరూ కలిసి పెట్టారు. చుట్టుపక్కల ఆస్పత్రుల వాళ్ళు నేర్చుకోవడానికి వస్తుంటారు. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే దెబ్బలాడుకుంటున్నారేమో అనిపిస్తుంది. నిజంగానే దెబ్బలాడుకుంటారు కూడా.

పోయినేడు అత్తగారికి దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనిపించింది, స్కోపు దించి చూడాలన్నాడు అదే కోపిష్టి డాక్టరు. మా ఆయనా, బావగారూ ముఖాలు చూసుకున్నారు. అత్తగారు మాత్రం నేరుగా పెద్దకోడల్నే అడిగారు.

"ఆ గొట్టమేనా?"

"ఆ రకమే అత్తయ్యా. ఇది కొత్తది."

"లోపల చూశారా?"

"చూశాం."

"నువ్వు చూశావా?"

"సిస్టర్ చూసింది."

"అయితే పద," అని అత్తగారు లేచి చెప్పులేసుకున్నారు.

గొట్టం దించి చూస్తే, లోపల ఇరుక్కుని ఉన్నది వేరుశనగ పలుకు ముక్క. పళ్ళు సరిగా లేవు, తినొద్దని డాక్టరు చెప్పాక కూడా అత్తగారు దొంగచాటుగా నములుతున్నారన్నమాట. దాన్ని పట్టకారుతో లాగేశారు. దగ్గు ఆ వారంలోనే పోయింది. బయటికొచ్చిన ఆవిడకి అక్క ఆ పలుకుని చిన్న సీసాలో పెట్టి చూపించింది.

"ఇది మీదే కదా అత్తయ్యా?"

అత్తగారు గొంతు సవరించుకుని, నా వైపు తిరిగారు. "చిన్నమ్మాయ్, ఇంట్లో ఈ సంగతి ఎత్తావంటే చూడు!"

ఎత్తొద్దన్నారు. ఎత్తకుండా ఉండటం నా వల్ల అయ్యే పనేనా?